ఆదివారం ఆటల్లేని బడిలో పీఈటీగా

పటమటలో మా పక్క వాటాలో ఉండే అమ్మాయికి ఒక క్రైస్తవ పాఠశాలలో పీఈటీ ఉద్యోగం వచ్చింది. స్వీట్ల డబ్బా పట్టుకొచ్చి, ఇన్నేళ్ళు చేశారు కదా మాస్టారూ, నాకు నాలుగు మంచి మాటలు చెప్పండి అంది. నా దగ్గర మంచి మాటలు లేవు. ఉన్నవి చెబితే ఆ పిల్ల డబ్బా వెనక్కి పట్టుకుపోయేది. నవ్వి పంపేసి, ఆ సాయంత్రమే ఈ కాగితాలు ముందేసుకున్నాను.

విజయవాడలో ఒక మిషన్ స్కూల్లో వ్యాయామోపాధ్యాయుడిగా చేరి అక్కడే రిటైరయ్యాను. ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆటలు నావి. పై తరగతులకి పరీక్షలున్నాయి కాబట్టి ఆటల్లేవు. కింది తరగతుల వాళ్ళు పడితే తల్లులు గేటు దగ్గరకొచ్చి కేకలేస్తారు కాబట్టి వాళ్ళకీ లేవు. అంటే ఒక మనిషి పుట్టాక మా బడిలో ఆడుకోవడానికి దొరికేది మూడేళ్ళు. ఆ మూడేళ్ళలోనూ వారానికి రెండు పీరియడ్లు. అందులో ఒకటి లెక్కల మాస్టారు అడిగి తీసుకునేవాడు, రెండోది అడక్కుండా తీసుకునేవాడు.

ఈలతో చేసే పనులు

పీఈటీ అంటే ఆటలు నేర్పేవాడని కాలేజీలో చెబుతారు. ఆ మాట అక్కడే వదిలేసి రండి. పొద్దున్న గేటు దగ్గర నిలబడి గోళ్ళు, జుట్టు, టై చూడాలి. అసెంబ్లీలో మైకు పనిచేయకపోతే అది మీ తప్పే. క్రిస్మస్ కార్యక్రమంలో గొర్రెల కాపరులకి తలపాగాలు చుట్టాలి, దేవదూతలు స్టేజీ మీద తోసుకోకుండా చూడాలి. ఏ టీచరు రాకపోయినా ఆ క్లాసు మీది. ఏ పిల్లవాడు మాట వినకపోయినా, పీఈటీ సారుకి చెబుతా జాగ్రత్త అంటారు. నన్ను చూసి పిల్లలు నవ్వాలని ఈ ఉద్యోగంలో చేరాను. నన్ను చూస్తే గోళ్ళు దాచుకునేవాళ్ళు.

ఆలస్యంగా వచ్చినవాళ్ళు గ్రౌండు చుట్టూ మూడు రౌండ్లు పరిగెత్తాలన్న శిక్ష కూడా నేను పెట్టిందే. ప్రిన్సిపాల్ మెచ్చుకుంది, నేను పొంగిపోయాను. పొద్దున్న పరుగు శిక్ష, మధ్యాహ్నం అదే పరుగు ఆట. ఏ పిల్ల నమ్ముతుంది? ఇందులో బుద్ధి లేదని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది. తట్టాక కూడా మార్చలేదు, ఎందుకంటే అప్పటికి అది బడి పద్ధతి అయిపోయింది.

ఈస్టరుకి ముందు వచ్చే శ్రమ దినాల్లో ఒక శుక్రవారం ఎనిమిదో తరగతి కబడ్డీ జట్టుని ఎండలో తోముతుంటే ఒక పిల్లవాడు కళ్ళు తిరిగి పడిపోయాడు. ఉపవాసం ఉన్నాడట. నేను చర్చిలో సంఘ పెద్దని, ఇంట్లో మేమూ ఉపవాసం ఉన్నాం, అయినా అడగాలని తోచలేదు. ఆ రోజు నుంచి ఈల ఊదే ముందు ఏం తిన్నారర్రా అని అడగడం మొదలుపెట్టాను. అప్పుడు తెలిసింది, శ్రమ దినాలు కాని రోజుల్లో కూడా సగం మంది ఖాళీ కడుపుతోనే వస్తున్నారని. వాళ్ళది భక్తి కాదు. ఇంట్లో పొద్దున్నే వండే తీరిక ఎవరికీ లేదు, అంతే. తెలుసుకుని ఏం చేశాను? ప్రాక్టీసులో రెండు రౌండ్లు తగ్గించాను.

అయ్యగారు

నేను చేరినప్పుడు హెడ్మాస్టరు ఒక పాదిరిగారు. బడంతా ఆయన్ని అయ్యగారు అనేది. మా బడిలో ఆదివారం ఆటలు లేవు. అది బడి పుట్టినప్పటి నియమం. శనివారం సాయంత్రం బంతులు, నెట్లు గదిలో పెట్టి తాళం వేస్తే సోమవారమే తీయాలి. అయ్యగారికి దాంట్లో రాజీ లేదు.

ఒకసారి మా ఆడపిల్లల ఖోఖో జట్టు మండల ఫైనల్‌కి వెళ్ళింది. ఫైనల్ ఆదివారం పెట్టారు. నేను ఆ కబురు చెప్పి, పిల్లలకి ఎలా చెప్పాలా అని తల పట్టుకున్నాను. అయ్యగారు చెప్పులు తొడుక్కుని, పదవయ్యా అన్నారు. సైకిల్ మీద నన్ను వెనక కూర్చోబెట్టుకుని, ఆయాసంతో రొప్పుతూ, ఆటలు నడిపే ఆఫీసరు ఇంటికి తీసుకెళ్ళారు. ఆయన ఇంట్లో లేడు. వరండాలో రెండు గంటలు కూర్చున్నాం. ఆఫీసరొచ్చి, మీ ఒక్క బడి కోసం మార్చాలా అని విసుక్కున్నాడు. మా బడి కోసం కాదండీ, పన్నెండు మంది పిల్లల కోసం అని అయ్యగారు మళ్ళీ మళ్ళీ అదే మాట అన్నారు. చివరికి ఆట శనివారం సాయంత్రానికి మారింది. మేం ఓడిపోయాం, అది వేరే సంగతి.

తిరిగొచ్చేటప్పుడు, ఒక ఉత్తరం రాసి చేతులు దులుపుకోవచ్చు కదండీ, ఎందుకింత తిరగడం అని అడిగాను. ఆయన చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది.

"నియమం నాది కదయ్యా. కష్టం పిల్లలదెందుకవ్వాలి?"

ఆయన పోయాక ఆ నియమం మిగిలింది. దాని కోసం తిరిగేవాళ్ళు మిగల్లేదు.

భవాని

తర్వాత చాలా ఏళ్ళకి, గ్రౌండులో సగం స్కూలు బస్సులు నిలబెట్టుకోవడానికి పోయాక, ఏడో తరగతిలో భవాని అనే పిల్ల రోజూ ఆలస్యంగా వచ్చేది. ఇంట్లో నీళ్ళు పట్టి, తమ్ముణ్ణి అంగన్‌వాడీలో దింపి రావాలి. రోజూ మూడు రౌండ్లు. వీపున పుస్తకాల సంచితోనే పరిగెత్తేది. మొదట్లో నేను చూడలేదు, గేటు దగ్గర గోళ్ళు చూడటంలో ఉన్నాను. ఒకరోజు తలెత్తేసరికి మిగతావాళ్ళు మొదటి రౌండులోనే రొప్పుతుంటే ఈ పిల్ల మూడూ ముగించి బస్సు పక్కన నిలబడి జడ సర్దుకుంటోంది. మర్నాడు కావాలనే చూశాను. ఆ మర్నాడు గడియారం పెట్టి చూశాను.

ఒక నెల తర్వాత భవాని వేళకే వచ్చింది. వచ్చి నా ముందు నిలబడి, "సార్, లేటు కాకపోయినా పరిగెత్తొచ్చా?" అంది. ఆ ఉద్యోగంలో నాకు కడుపు నిండిన రోజంటూ ఉంటే అది ఆ రోజు.

వాళ్ళ నాన్న నాంచారయ్య. బందరు పక్కన సముద్రం ఒడ్డు ఊరు. చేపల వేట కలిసిరాక వన్ టౌన్ వచ్చి, హోల్‌సేల్ కొట్ల దగ్గర ముఠాలో బస్తాలు మోస్తున్నాడు. వాళ్ళు హిందువులు. భవాని బొట్టు పెట్టుకునే వచ్చేది, ప్రార్థనలో అందరికంటే గట్టిగా కళ్ళు మూసుకునేది.

పక్క జిల్లాలో ఒక రెసిడెన్షియల్ స్పోర్ట్స్ స్కూలుంది. ఎనిమిదో తరగతిలోకి మాత్రమే తీసుకుంటారు. అంటే ఏడులో ఉన్నప్పుడే సెలెక్షన్లకి వెళ్ళాలి, తప్పితే ఇక జన్మలో లేదు. ఎంపికైతే చదువు, తిండి, పడక, కోచ్, బూట్లు అన్నీ వాళ్ళవే. కాకపోతే భవాని ఎనిమిదితో చదువు మానేసి ఏ చీరల కొట్లోనో మడతలు పెట్టే పనికి వెళ్తుంది. వాళ్ళమ్మ అప్పటికే ఒక కొట్లో అడిగి ఉంచిందని ఆ పిల్లే చెప్పింది. అందుకే నాంచారయ్యని బడికి పిలిపించాను. చొక్కా నిండా మిరపకాయల ఘాటు, గుమ్మం లోపలికి రావడానికి మొహమాటపడ్డాడు. నేను చెప్పిందంతా విని, "నాకివన్నీ తెలవదండీ. మీరేది చెబితే అదేనండీ. పిల్లని మీకప్పజెప్పినట్టే అనుకోండి" అన్నాడు.

నాకొదిలేయండి నాంచారయ్య గారూ అన్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని మరీ అన్నాను.

శుక్రవారం

ఫారం నింపాను. ప్రిన్సిపాల్ మేడమ్ సంతకం పెట్టి స్టాంపు వేసింది. తేదీ తర్వాత తెలియజేస్తామన్నారు. దసరా సెలవులయ్యాక ఒక శుక్రవారం కబురొచ్చింది. సెలెక్షన్లు ఆదివారం, అంటే ఎల్లుండే, పొద్దున ఏడింటికి.

మేడమ్ గదిలోకి వెళ్ళాను. ఆమె చెడ్డ మనిషి కాదు. పిల్లల పేర్లు గుర్తుపెట్టుకుంటుంది, జ్వరమొస్తే ఇంటికి ఫోన్ చేస్తుంది. కానీ తేదీ చూడగానే కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"సండే అంటే కుదరదు మాస్టారూ. వర్షిప్ టైంలో మన పిల్ల గ్రౌండులో ఉందంటే కమిటీకి నేనేం చెప్పను? స్కూలు తరఫున ఎవరూ వెళ్ళకూడదు."

ఆ పిల్ల చర్చికి వెళ్ళే పిల్ల కాదు కదండీ అన్నాను. రూలు అందరికీ ఒకటే అంది. అదే బడిలో ఆదివారం మధ్యాహ్నం రెండింటి నుంచి ఐఐటీ ఫౌండేషన్ క్లాసులు జరిగేవి. ఆ మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. నాకు రిటైర్మెంట్ దగ్గర పడింది, ఏ గొడవా లేకుండా బయటపడాలని ఉంది. ఆ మాట మింగేసి, సరే మేడమ్ అన్నాను.

ఇప్పటిదాకా చదివి మీరు మేడమ్‌ని తిట్టుకుంటూ ఉంటే ఆపండి. స్కూలు తరఫున వద్దంది, అంతే. ఫారం మీద స్టాంపు ముందే పడింది. అది నా సంచిలో ఉంది. పిల్లని తల్లిదండ్రులే నేరుగా తీసుకురావచ్చని దాని కిందే అచ్చు వేసి ఉంది. నేను చదివాను కూడా. చదివి, మడిచి, సంచిలో పెట్టాను.

ఎందుకు? దీనికి జవాబు రాయడానికే ఇంత సేపూ చుట్టూ తిరిగాను. స్కూలు పంపదంటే పిల్ల వెళ్ళలేదనే నా బుర్రలో ఉంది. మా వృత్తిలో ఈ జబ్బు అందరికీ ఉంది. పిల్లని వెతికి పట్టింది మేము, గడియారం పెట్టింది మేము, కాబట్టి మేం లేకుండా ఆ పిల్ల గ్రౌండు ఎక్కడుందో కూడా కనుక్కోలేదనుకుంటాం. దీనికి తోడు ఇంకొకటి. నాకొదిలేయండి అని గొప్పలు పోయినవాణ్ణి, నా వల్ల కాలేదని ఒక ముఠా కూలీ ముందు ఎలా చెప్పను? అయ్యగారైతే ఆ సాయంత్రమే చెప్పులు తొడుక్కునేవారు. నేను స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగాను.

సాయంత్రం బెల్లు కొట్టాక భవాని వచ్చింది. సెలెక్షన్లు పోస్ట్‌పోన్ అయ్యాయమ్మా, డేటు మళ్ళీ చెబుతారంట అన్నాను. అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే ఆశ్చర్యం వేసింది. అలాగే సార్, ఈ లోపు ఇంకా బాగా ప్రాక్టీసు చేస్తాను అని ఆ పిల్ల గెంతుకుంటూ వెళ్ళింది. ఆదివారం నేను ఆరాధనలో ముందు వరసలో కూర్చున్నాను. వాక్యం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

డేటు

ఆ తర్వాత ప్రతి సోమవారం గేటు దగ్గర అదే ప్రశ్న. "డేటొచ్చిందా సార్?" ఇంకా లేదమ్మా. వచ్చే వారం. ఏదో కోర్టు కేసంట. పై ఆఫీసరు మారాడంట. ఒక అబద్ధాన్ని నిలబెట్టడానికి ఎన్ని కావాలో అన్నీ పోగేశాను. నవంబరులో పేపర్లో జిల్లా పేజీలో ఎంపికైనవాళ్ళ జాబితా వచ్చింది. స్టాఫ్ రూములో ఆ పేజీ ఒక్కటీ తీసి, మడిచి, టిఫిన్ డబ్బా కింద పెట్టుకుని ఇంటికి తెచ్చేశాను. వాళ్ళింట్లో పేపరు రాదు, ఉన్నది బటన్ ఫోను. ఆ సంగతి తెలిసే ధైర్యం చేశాను. ఇది రాస్తుంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది.

భవాని మాత్రం ఆపలేదు. చలికాలంలో ఆరున్నరకే వచ్చి బస్సుల మధ్య సందుల్లోంచి పరిగెత్తేది. టైము చూడండి సార్ అనేది. చూసేవాణ్ణి. నెలనెలకీ తగ్గుతోంది. నా సర్వీసులో అంత మంచి టైము ఏ పిల్ల దగ్గరా చూడలేదు. గడియారం నొక్కి చూపించేవాణ్ణి. భేష్ అనేవాణ్ణి.

తోటి పీఈటీలకి ఈ సంగతి ఒకసారి పేర్లు మార్చి చెప్పాను. ఒకడు, ఇలాంటివి మామూలే గురువుగారూ, ఎంత మందిని గుర్తుపెట్టుకుంటాం అన్నాడు. నిజమే, మామూలే. నాకు భయమేసింది కూడా ఆ మాటకే. ఈ ఉద్యోగంలో పిల్లల కాళ్ళు విరిగితే ఎంక్వయిరీ ఉంటుంది. ఇలాంటి వాటికి ఏ ఎంక్వయిరీ ఉండదు. ఎవరూ అడగరు. మిమ్మల్ని అడగడానికి మీరొక్కరే ఉంటారు, మీరేమో స్టాఫ్ రూములో టీ తాగుతూ ఉంటారు.

ఏప్రిల్‌లో బడి చివరి రోజు భవాని అడిగింది, ఎండాకాలం సెలవుల్లో కూడా ప్రాక్టీసు చేయమంటారా సార్, ఎండలో పరిగెత్తితే అమ్మ తిడుతోంది అని. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

వన్ టౌన్

ఆ వచ్చిన ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్ళకుండా, బైబిలు సంచి భుజాన ఉండగానే వన్ టౌన్ బస్సెక్కాను. మామూలు రోజుల్లో అడుగు తీసి అడుగు వేయలేని ఆ వీధిలో ఒక్క మనిషి లేడు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తోపుడు బళ్ళు గోడలకి చేరేసి ఉన్నాయి. బడి రిజిస్టరులో ఉన్న అడ్రసు పట్టుకుని వెతుక్కుంటూ వెళ్ళి, ఒక గోడౌను వెనక ఒంటి గది దగ్గర ఆగాను. నాంచారయ్య లుంగీ, బనియనుతో గుమ్మంలో కూర్చుని వెల్లుల్లిపాయలు ఒలుస్తున్నాడు. నన్ను చూసి గాభరాగా లేచి, చొక్కా వెతుక్కున్నాడు. భవాని సబ్బు తేవడానికి వెళ్ళిందని చెప్పాడు. నాకు అదే కావాలి.

నిలబడే చెప్పేశాను. సెలెక్షన్లు వాయిదా పడలేదని, జరిగిపోయాయని, స్కూలు పంపనందని, నేను అబద్ధం చెప్పానని, ఇక వయసు, తరగతి రెండూ దాటిపోయాయని. ఎక్కడా నీళ్ళు నమలకుండా చెప్పాను. కొడతాడేమో అనుకున్నాను. కొడితే బాగుండుననే అనుకున్నాను.

నాంచారయ్య చేతిలో ఉన్న రెబ్బ ఒలవడం పూర్తిచేశాడు. తర్వాత, అవి ఏ రోజు పెట్టారండీ అని అడిగాడు. దసరా అయ్యాక ఒక ఆదివారం అన్నాను.

"ఆదివారమా అండీ?" అని కాసేపు ఆ మూసిన షట్టర్ల వైపు చూశాడు. "ఆదివారం కొట్లుండవు కదండీ. వారానికి నాకు ఖాళీ ఉండేది అదొక్కటేనండీ. చెబితే నేనే తీసుకెళ్ళేవాణ్ణి కదండీ."

గొంతు పెంచలేదు. నేను, పిల్లకి కూడా నేనే చెబుతాను నాంచారయ్య గారూ, మీకా కష్టం వద్దు అన్నాను. ఆయన తలూపాడు.

సందు మలుపులో భవాని కనపడింది. నన్ను దూరం నుంచే గుర్తుపట్టింది. పరుగున వచ్చింది. మొహం ఎంత వెలిగిపోతోందంటే, ఆ పిల్ల ఏమనుకుందో నాకు అప్పుడే అర్థమైంది.

"డేటొచ్చిందా సార్? చెప్పడానికి ఇంటికే వచ్చారా?"

నాంచారయ్య నా వైపు చూశాడు. నేను నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచాను.

"లేదమ్మా," అన్నాను. "ఈ ఏడాదికి క్యాన్సిల్ చేసేశారంట."

నాంచారయ్య తల దించుకుని ఇంకో వెల్లుల్లిపాయ తీసుకున్నాడు. భవాని చేతిలో సబ్బు అటూ ఇటూ తిప్పింది. నా మొహంలో ఏం కనిపించిందో మరి, దగ్గరకొచ్చి మెల్లగా అంది.

"పోన్లెండి సార్, బాధపడకండి. మీరు మాత్రం ఏం చేస్తారు."

ఇంట్లో కుర్చీ లేదు. లోపలికెళ్ళి బకెట్టు తెచ్చి, బోర్లించి, గుడ్డతో తుడిచి, కూర్చోండి సార్ అంది. కూర్చున్నాను.